అద్దాలు పోయాయి... పొడవు పోలేదు!

ఇరవై అయిదున్నర మిల్లీమీటర్లు!

దర్జీ టేపు తీసి చూస్తే ఒక అంగుళం, ఆపైన వెంట్రుకవాసి. అంతే. కానీ లేజర్ ఆపరేషనుతో కళ్లజోడు వదిలించుకుని, వాయుసేనలో ఆఫీసరు కావాలనుకునే కుర్రకారుకి ఇదే లక్ష్మణరేఖ. కనుగుడ్డు ముందు నుంచి వెనక దాకా పొడవు ఇంతకు మించితే మెడికల్ బోర్డు 'అన్‌ఫిట్' అని రాసేస్తుంది. అప్పటికి రాతపరీక్ష గట్టెక్కి ఉంటారు. రోజుల తరబడి సాగే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో తోటివాళ్లను దాటుకుని వచ్చి ఉంటారు. చూపు పరీక్షలో చిట్టచివరి వరస అక్షరాలు కూడా గడగడా చదివేసి ఉంటారు. అయినా సరే, మిల్లీమీటరులో పదో వంతు ఎక్కువైతే ఇంటికే!

'చూపు బ్రహ్మాండంగా ఉంది కదా, ఇంక కన్ను పొడవుతో పనేంటి?' అని ఎవరికైనా అనిపిస్తుంది. 'పైగా ఆపరేషను అయ్యాక ఆ పొడవు తగ్గదా?' అన్నది రెండో ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు జవాబు తెలియకుండానే చాలా ఇళ్లలో లేజర్‌కి డబ్బు కట్టేస్తున్నారు.

ఉయ్యూరులో ఓ ఇల్లు ఊహించుకోండి. చెరకు, వరి, మినుము పండించే కుటుంబం. అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. పదో తరగతిలో వచ్చిన కళ్లజోడు, ఇంటర్ రెండేళ్లూ విజయవాడ హాస్టల్లో తెల్లవారుజాము స్టడీ అవర్లు, రాత్రి స్టడీ అవర్లు అయ్యేసరికి మైనస్ నాలుగుకి చేరింది. కాలేజీలో ఎన్‌సీసీ తీసుకుంది. 2016 జూన్ 18న దుండిగల్ అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా వాయుసేనలో చేరినప్పటి ఫొటో బీరువా తలుపు మీద అంటించుకుంది. నాయనమ్మ గోల వేరు. "ఆ సోడాబుడ్డి అద్దాలతో పెళ్లిచూపుల్లో కూర్చుంటే ఎవరు చేసుకుంటారే అమ్మాయ్!" అని ఆవిడ రోజూ సాధింపు. తండ్రికి రెండూ కలిసొచ్చాయి. పంట డబ్బు చేతికి రాగానే విజయవాడ తీసుకెళ్లి లేజర్ చేయించాడు. అప్పటికి అమ్మాయికి పంతొమ్మిదేళ్ల ఏడు నెలలు.

వారం తిరక్కుండానే గోడ మీది క్యాలెండర్లో తిథి, నక్షత్రం కూడా కూర్చున్నచోటి నుంచే చదివేస్తోంది. ఇల్లంతా సంబరం. ఆ సంబరంలో ఎవరూ చూసుకోనివి రెండున్నాయి. ఒకటి తేదీ. ఇరవయ్యేళ్లు నిండకముందు చేయించుకున్న ఆపరేషనును వాయుసేన ఒప్పుకోదు. ఆ తేదీని ఇక ఎవరూ మార్చలేరు. రెండోది పొడవు. ఆపరేషనుకు ముందు దాన్ని కొలిచారో లేదో కూడా ఇంట్లో ఎవరికీ తెలియదు.

వాయుసేన ఆఫీసర్ల ఎంపిక కోసం జరిపే ఏఎఫ్‌క్యాట్ నోటిఫికేషన్లలో ఈ నిబంధనలు ఏళ్ల తరబడి అచ్చవుతూనే ఉన్నాయి. ఆపరేషను ఇరవయ్యేళ్ల తర్వాతే జరిగి ఉండాలి. జరిగి పన్నెండు నెలలైనా గడవాలి. ఏ చిక్కులూ తలెత్తి ఉండకూడదు. నల్లగుడ్డు మీది పారదర్శకపు పొర, అంటే కార్నియా, ఆపరేషను తర్వాత 450 మైక్రాన్ల కంటే పలచగా ఉండకూడదు. లేజర్‌కి ముందు సైటు మైనస్ ఆరు దాటి ఉండకూడదు. ఇక కంటి పొడవు, ఐఓఎల్ మాస్టర్ అనే యంత్రంతో కొలిచినప్పుడు, 25.5 మి.మీ. మించకూడదు. సైన్యంలో ఆఫీసరు ఎంట్రీలకు ఈ పొడవు హద్దు 26 మి.మీ. అర మిల్లీమీటరు దయ అన్నమాట! నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక, దరఖాస్తు పెట్టే ఏడాది నోటిఫికేషన్ ఏం చెబితే అదే లెక్క.

హాలు పొడవు, బొమ్మ వరస

కంటిని ఓ పాత టూరింగు టాకీసు అనుకుందాం. ముందు ప్రొజెక్టరు అద్దం, వెనక తెర. అద్దం పని కార్నియాది, దాని వెనకున్న కంటి కటకానిది. తెర అంటే రెటీనా. హాలు సరైన పొడవులో ఉంటే బొమ్మ తెర మీద స్పష్టంగా పడుతుంది. కట్టేటప్పుడే హాలు ఒక గజం ఎక్కువ పొడవు కట్టేశారనుకోండి. బొమ్మ తెరకు ముందే గాల్లో కుదిరిపోయి, తెర చేరేసరికి అలుక్కుపోతుంది. పుస్తకం బాగా కనిపించి బస్సు బోర్డు కనిపించని వాళ్లలో ఎక్కువమందికి జరిగింది ఇదే. గుండ్రంగా ఉండాల్సిన కన్ను కోడిగుడ్డు వాటంగా సాగింది.

పుట్టిన బిడ్డ కన్ను సుమారు 17 మి.మీ. పొడవుంటుంది. పెద్దయ్యేసరికి మామూలు కన్ను 23.5 - 24 మి.మీ. దగ్గర ఆగుతుంది. అక్కడ ఆగకుండా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగితే రెండున్నర నుంచి మూడు పాయింట్ల మైనస్ సైటు వచ్చి కూర్చుంటుంది.

మరి లేజర్ ఏం చేస్తుంది? తెరను ముందుకు జరపదు. గోడ పడగొట్టదు. ప్రొజెక్టరు అద్దాన్ని కాస్త అరగదీసి చదును చేస్తుంది. దాంతో బొమ్మ ఇంకాస్త దూరం వెళ్లి సరిగ్గా తెర మీద పడుతుంది. ప్రేక్షకుడికి బొమ్మ బ్రహ్మాండం. హాలు మాత్రం కట్టినప్పుడు ఎంత పొడవో ఇప్పుడూ అంతే! "ఆపరేషను చేయించాం కదండీ డాక్టరు గారూ, మళ్లీ ఈ కొలతలేంటండీ?" అని అడిగే తండ్రులకు కంటి డాక్టర్లు చెప్పేది ఇదే. చెక్కింది ముందు అద్దాన్ని, వెనక గోడ జోలికి ఎవరూ పోలేదు.

ఇక్కడో చిన్న ముచ్చట. కార్నియాను ఇంత నాజూగ్గా చెక్కే ఎక్సైమర్ లేజర్ వెనక మద్రాసులో పుట్టిన ఓ శాస్త్రవేత్త ఉన్నాడు. పేరు రంగస్వామి శ్రీనివాసన్. అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో పనిచేసేవాడు. 1981 నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు, ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్కలు పట్టుకెళ్లి వాటి మీద లేజర్ ప్రయోగించి చూశాడు. చుట్టుపక్కల మాడకుండా, కాలకుండా, గీత గీసినంత శుభ్రంగా కోత పడింది! సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లతో కలిసి దీన్ని ముందుకు తీసుకెళ్లాడు. 1983లో న్యూయార్క్ కంటి డాక్టరు స్టీఫెన్ ట్రోకెల్‌తో కలిసి ఈ లేజర్ కార్నియాను ఎలా చెక్కుతుందో చూపించాడు. 1990లో గ్రీకు వైద్యుడు ఐయోనిస్ పల్లికారిస్ పైపొరను మూతలా లేపి, లోపల చెక్కి, మళ్లీ మూసేసే పద్ధతి మొదలుపెట్టి దానికి 'లాసిక్' అని పేరు పెట్టాడు. పండగనాటి కోడి ముక్క ఇంతదూరం వచ్చింది.

అరవై మైక్రాన్ల ఆశ

'పొడవు ఏమాత్రం తగ్గదు' అంటే అది పూర్తి నిజం కాదు. కంటి పొడవును కార్నియా ముందు అంచు నుంచే కొలుస్తారు. ఆ అంచునే లేజర్ చెక్కింది కనుక, చెక్కినంత మేర పొడవు లెక్కలోనూ తగ్గాలి కదా? తగ్గుతుంది. కానీ ఎంత?

ఒక్కో పాయింటు సైటుకి లేజర్ చెక్కేది సుమారు 12 నుంచి 16 మైక్రాన్లు. ఎంత వెడల్పున చెక్కుతారన్న దాన్నిబట్టి ఇది మారుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన ఉయ్యూరు అమ్మాయి మైనస్ నాలుగుకి లెక్కేస్తే 48 నుంచి 64 మైక్రాన్లు. అంటే 0.05, మహా అయితే 0.06 మి.మీ. ముందు కన్ను 25.80 ఉంటే తర్వాత 25.74 అవుతుంది. హద్దుకి ఇంకా పావు మిల్లీమీటరు అవతలే!

ముందు కొలత 25.54 ఉంటే? అప్పుడు తర్వాతి కొలత 25.48 - 25.49 దగ్గర పడొచ్చు. అలా గట్టు మీద ఉన్నవాళ్లకి ఈ అరవై మైక్రాన్లు నిజంగానే పనికొస్తాయి. కానీ యంత్రం కూడా అదే కంటిని రెండుసార్లు కొలిస్తే రెండుసార్లూ అచ్చంగా ఒకే అంకె చూపించదు. మిల్లీమీటరులో నూరో వంతో, రెండు నూరో వంతులో అటూ ఇటూ కావడం మామూలే. ఇవాళ 25.49 చూపిన కన్ను మెడికల్ బోర్డు ముందు 25.51 చూపిస్తే ఎవరిని తప్పుపట్టాలి? గట్టు మీద నడక ఎప్పుడూ గట్టు మీద నడకే.

ఇంతకంటే పెద్ద తిరకాసు ఇంకోటుంది. పొడవు లెక్కలో తగ్గి మేలు చేసే ఆ మైక్రాన్లే, మందం లెక్కలోనూ తగ్గి కీడు చేస్తాయి. మనవాళ్లలో కార్నియా మధ్యభాగం మందం సగటున 520 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. మైనస్ నాలుగు ఉన్నవాళ్లకి 64 చెక్కితే 456 మిగులుతుంది. పాస్! అదే మైనస్ ఆరు అయితే, తక్కువలో తక్కువ 72 చెక్కినా మిగిలేది 448. వాయుసేనకైనా సైన్యానికైనా కావాల్సింది 450. ఒక జేబులో వేసుకున్న రూపాయి ఇంకో జేబులోంచి తీసిందే. కొత్తగా వచ్చిన స్మైల్ పద్ధతిలో మూత లేపకుండా లోపలి నుంచి పలచటి బిళ్ల తీస్తారు. పాత పీఆర్‌కేలో అసలు మూతే ఉండదు. ఏ పద్ధతయినా మందం తగ్గడం తప్పదు, వెనక పొడవు మారడం జరగదు.

సైటును చూసి పొడవు ఊహించడం కూడా కుదరదు. కార్నియా బాగా వంపు తిరిగి ఉన్న మనిషికి 24.5 మి.మీ. కన్నుతోనే మైనస్ నాలుగు రావొచ్చు. కార్నియా చదునుగా ఉన్న మనిషికి మైనస్ మూడుకే కన్ను 26 దాటి ఉండొచ్చు. పక్కింటి అబ్బాయికి ఇదే సైటు ఉన్నా సెలెక్టయ్యాడు కదా అన్న ధీమా అందుకే పనికిరాదు. కొలిస్తేనే తెలుస్తుంది. కొలవడానికి పట్టేది నిమిషం.

కొలిచే యంత్రం సంగతీ చెప్పుకోవాలి. పాత పద్ధతి ఏ-స్కాన్. మత్తు చుక్కలు వేసి, పెన్ను లాంటి పుల్లను కార్నియాకు తాకించి శబ్ద తరంగాలతో కొలుస్తారు. ఆ పుల్ల ఆనించడంలో కార్నియా కొంచెం లోపలికి నొక్కుకుంటే కొలత తక్కువ వస్తుంది. లేజర్ చెక్కినదానికంటే ఈ నొక్కుడు తేడానే ఎక్కువ ఉండొచ్చు! 1999లో జర్మనీకి చెందిన జైస్ కంపెనీ తెచ్చిన ఐఓఎల్ మాస్టర్ కంటిని తాకకుండా కాంతితోనే కొలుస్తుంది. నోటిఫికేషన్‌లో యంత్రం పేరు రాసింది ఊరికే కాదు. ఏ-స్కాన్‌లో 25.4 వచ్చిందని గుండె మీద చెయ్యి వేసుకుని బెంగళూరు మెడికల్‌కి వెళ్తే, అక్కడ ఇంకో అంకె ఎదురుకావచ్చు.

గోడలు పలచబడ్డ ఇల్లు

ఇంతకీ వాయుసేనకు ఈ పట్టింపు ఎందుకు? కన్ను సాగినప్పుడు లోపలి రెటీనా కూడా దాంతోపాటు సాగుతుంది. బెలూన్ ఊదినకొద్దీ రబ్బరు పలచబడ్డట్టు అంచుల్లో పలచబడుతుంది. అక్కడక్కడా జాలీలా బలహీనమైన మచ్చలు పడొచ్చు. సన్నటి రంధ్రాలు పడొచ్చు. ఒక్కోసారి రెటీనా గోడ నుంచి ఊడి రావొచ్చు. మైనస్ సైటు పెరిగినకొద్దీ, కన్ను పొడవైనకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. కళ్లజోడు తీసేసినంత మాత్రాన ఇది పోదు. యుద్ధవిమానంలో కూర్చునే మనిషి కంట్లో అలాంటి గోడ ఉండకూడదని వాళ్ల జాగ్రత్త.

ఉద్యోగాల గొడవ లేని ఇళ్లకు కూడా అసలు పనికొచ్చే మాట ఇదే. కళ్లజోడు ఉన్నన్నాళ్లూ మనిషి ఏడాదికోసారైనా కంటి డాక్టరు దగ్గరికి పోతాడు. లేజర్ అయ్యాక 'నాకు సైటే లేదు' అనుకుని మానేస్తాడు. కన్ను మాత్రం మైనస్ కన్నుగానే ఉంటుంది. కంటి ముందు ఉన్నట్టుండి మెరుపులు మెరిసినా, నల్లటి చుక్కలు దోమల్లా గుంపుగా తేలినా, ఓ పక్కనుంచి తెర దించినట్టు చీకటి కమ్మినా అది తలనొప్పి మాత్రతో పోయేది కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రంధ్రం దశలో పట్టుకుంటే లేజర్‌తో చుట్టూ అతుకు వేసేయొచ్చు. ఊడిపోయాక పెద్ద ఆపరేషనే.

ఇక ఉద్యోగాల్లోకి వస్తే, అన్ని తలుపులూ ఒకలా తెరుచుకోవు. అగ్నివీర్ వాయు నోటిఫికేషన్లలో లాసిక్, పీఆర్‌కే చేయించుకున్నవాళ్లను అసలు తీసుకోమని రాశారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకీ అంతే. సైటు తగ్గించుకునే ఆపరేషను ఏది చేయించుకున్నా అర్హత పోయినట్టే. బాపట్ల పక్కన సూర్యలంక వాయుసేన స్టేషన్ చూసి ఉత్సాహపడే డెల్టా కుర్రాళ్లలో అగ్నివీర్‌కి వెళ్లేవాళ్లున్నారు, ఏఎఫ్‌క్యాట్ రాసేవాళ్లున్నారు. వీళ్లలో ఒకరికి లేజర్ దారి చూపిస్తే ఇంకొకరికి అదే దారి మూసేస్తుంది. ఏ ఉద్యోగానికి వెళ్లాలో తేల్చుకోకుండా ముందు కళ్లద్దాలు తీసేయించుకోవడం ఎంత తొందరపాటో చూడండి.

మళ్లీ సైటు వచ్చిందంటే...

లేజర్ అయిన నాలుగైదేళ్లకు కొందరికి కాస్త సైటు తిరిగొస్తుంది. 'ఆపరేషను ఫెయిలయింది' అని ఇంట్లో నిట్టూరుస్తారు. కారణం రెండు రకాలుగా ఉండొచ్చు. చెక్కిన కార్నియా మానే క్రమంలో కొంచెం వంపు తిరిగి ఉండొచ్చు. లేదా కన్ను మళ్లీ సాగడం మొదలెట్టి ఉండొచ్చు. చాలామందిలో ఇరవై దాటాక కన్ను పెరగడం ఆగిపోతుంది గానీ, అందరిలోనూ ఆగదు. రెంటిలో ఏదో తేల్చే సాక్షి పొడవు కొలతే.

ఇందులోనూ ఓ కిటుకుంది. ఇప్పటి కొలతను ఆపరేషనుకు ముందు కొలతతో పోలిస్తే లెక్క తప్పుతుంది. ముందు 25.20 ఉన్న కన్ను చెక్కాక 25.14 అయిందనుకోండి. అయిదేళ్లకు 25.40 చూపిస్తే, పెరిగింది 0.20 కాదు, 0.26. అంటే అరపాయింటు పైచిలుకు సైటు కొత్తగా వచ్చిందని అర్థం. ఆపరేషను చేసిన డాక్టరుది ఇందులో పొరపాటేమీ లేదు. కాబట్టి ముందొకసారి, కార్నియా కుదుటపడ్డాక ఒకసారి, రెండు కొలతలూ ఉండాలి. పొడవు మారకుండా సైటు మారితే కార్నియాను అనుమానించాలి. మరీ పలచబడిన కార్నియా ముందుకు ఉబ్బుతోందేమో పరీక్ష చేయించాలి.

1990లలో, 2000 తర్వాతి తొలి ఏళ్లలో లేజర్ చేయించుకున్నవాళ్లు ఇప్పుడు యాభైల్లో పడుతున్నారు. వాళ్లకి శుక్లాల వయసొచ్చింది. శుక్లం తీసి లోపల పెట్టే లెన్స్ ఎంత పవరుది ఉండాలో తేల్చడానికి ప్రధానంగా రెండు కొలతలు కావాలి. ఒకటి కంటి పొడవు. ఇందులో ఒక మిల్లీమీటరు తప్పితే లెన్స్ పవరులో రెండున్నర పాయింట్లు తప్పుతాయి. రెండోది కార్నియా వంపు. లేజర్ అయిన కంట్లో పొడవు కొలత నమ్మదగిందే. వంపు కొలతే మోసం చేస్తుంది. మామూలు కార్నియాలో ముందు వంపునుబట్టి వెనక వంపును అంచనా వేసేలా యంత్రాన్ని తయారుచేశారు. లేజర్ ముందువైపు మాత్రమే చదును చేసింది కనుక ఆ అంచనా తప్పి, కార్నియాకు లేని బలాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. ఫలితంగా తక్కువ పవరు లెన్స్ పడుతుంది. జీవితమంతా మైనస్ ఉన్న మనిషి శుక్లం ఆపరేషను తర్వాత ప్లస్ అద్దాలు పెట్టుకోవాల్సి వస్తుంది!

దీనికి విరుగుడుగా హైగిస్-ఎల్, బారెట్ ట్రూ-కె లాంటి ప్రత్యేక సూత్రాలు వచ్చాయి. అవి వాడాలంటే ముందు ఈ కంటికి లేజర్ జరిగిందన్న సంగతి డాక్టరుకు తెలియాలి. ఇరవై ఏళ్ల కింద జరిగిందాన్ని చాలామంది చెప్పడమే మర్చిపోతారు.

అన్నట్టు, కంట్లో పెట్టే లెన్స్ కథ కూడా వాయుసేనతోనే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమాన అద్దాల ప్లాస్టిక్ పెంకులు లోపలే ఉండిపోయినా కన్ను వాటిని సహించడం హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు గమనించాడు. అదే రకం ప్లాస్టిక్‌తో లెన్స్ చేయించి 1949లో లండన్‌లో తొలిసారి ఓ రోగికి అమర్చాడు.

ఉయ్యూరు నుంచి విజయవాడ బస్సెక్కితే దారిలో ఈడుపుగల్లు వస్తుంది. ఈ జిల్లా చోడవరంలో పుట్టి, ఈడుపుగల్లు బడిలో చదివి, విజయవాడ లయోలా, గుంటూరు మెడికల్ కాలేజీల మీదుగా వెళ్లిన గుళ్లపల్లి నాగేశ్వరరావు కార్నియా నిపుణుడిగా అమెరికాలో స్థిరపడే అవకాశం ఉన్నా వెనక్కి వచ్చి, 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని నిలబెట్టాడు. అదే రోడ్డులో తాడిగడప దగ్గర ఆ సంస్థ 2011లో విజయవాడ ప్రాంగణం తెరిచింది. ఆ సంస్థ పరిశోధకులు దేశంలో జరిగిన పలు సర్వేలను క్రోడీకరించి 2021లో ఓ లెక్క తేల్చారు. నగరాల్లో 5 - 15 ఏళ్ల పిల్లల్లో మైనస్ సైటు 1999లో 4.44 శాతం ఉంటే, 2019 నాటికి 21.15 శాతం అయింది. ఇరవై ఏళ్లలో దాదాపు అయిదు రెట్లు!

పెద్దయ్యాక లేజర్ చేయించుకోవచ్చులే అనుకుని చిన్నప్పుడు సైటును వదిలేసే ఇళ్లకు ఈ అంకెలు చెప్పి తీరాలి. లేజర్ సరిచేసేది బొమ్మను. కన్ను సాగడాన్ని ఆపగలిగేది ఎదిగే వయసులోనే. చైనాలోని గ్వాంగ్జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు చూస్తే, కొత్తగా మైనస్ సైటు వచ్చినవాళ్లు 39.5 శాతం బదులు 30.4 శాతమే ఉన్నారని 2015లో ప్రచురించారు. ఏ ఖరీదూ లేని మందు ఎండా గాలీ! సైటు త్వరత్వరగా పెరిగే పిల్లలకు అతి తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకమైన కళ్లద్దాలు డాక్టర్లు రాస్తున్నారు. ఇవి పనిచేస్తున్నాయో లేదో తెలియడానికి కూడా ఆరు నెలలకోసారి కంటి పొడవు కొలిపించడమే మంచి దారి.

లేజర్‌కి వెళ్లేముందు ఆసుపత్రిలో అడిగి తీసుకోవాల్సిన కాగితాలు కొన్నున్నాయి. ఆపరేషనుకు ముందు సైటు, రెండు కళ్ల కార్నియా వంపు, మందం, టోపోగ్రఫీ పటం, చుక్కలు వేసి చేసిన రెటీనా పరీక్ష రిపోర్టు, కాంతి యంత్రంతో తీసిన పొడవు కొలత, ఎన్ని మైక్రాన్లు చెక్కారన్న వివరం, ఆపరేషను తేదీ. ఆ తేదీ పుట్టినరోజుకి ఎటువైపు పడుతుందో ఇంట్లోనే లెక్క చూసుకోవాలి. వీటిలో కంప్యూటర్ సైటు యంత్రం ఇచ్చే చిన్న చీటీ బస్సు టిక్కెట్టు లాంటి కాగితం మీద ఉంటుంది. రెండు మూడు వేసవులు గడిచేసరికి దాని మీది అంకెలు వెలిసిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. తీసుకున్న రోజే ఓ జిరాక్సు తీయించి, పొలం పాసుపుస్తకం ఉన్న కవర్లోనే పెట్టేయండి.